స్నోమొబైళ్ళు తిరిగే దారిలో స్కీయింగ్ ఎలా చేయాలి

మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపోలిస్ చుట్టుపక్కల ఉంటే క్రాస్ కంట్రీ స్కీయింగ్ (కొండ మీంచి జారడం కాకుండా, సన్నటి స్కీల మీద మంచు దారుల్లో దూరాలు పోవడం) నేర్చుకోవడానికి చోటుకి కొదవ లేదు. మేపుల్ గ్రోవ్‌లో హిందూ దేవాలయానికి దగ్గర్లోనే ఎల్మ్ క్రీక్ పార్కు ఉంది. ఆకాశం నుంచి మంచు పడకపోయినా అక్కడ యంత్రాలతో మంచు చేసి, లైట్లు పెట్టి, దారి సిద్ధం చేస్తారు. థియోడోర్ వర్త్ పార్కులో 2024 ఫిబ్రవరిలో ప్రపంచ కప్పు పోటీలే జరిగాయి. ఆ చలికాలం మంచు పడింది చాలా తక్కువ, అయినా తయారుచేసిన మంచు మీదే పోటీలు నడిపించారు. ఇలాంటి పార్కుల్లో స్కీ దారి మీదికి స్నోమొబైల్, అంటే కింద తిరిగే పట్టాతో మంచు మీద పోయే మోటారు బండి, రాదు. నేర్చుకునేటప్పుడు అదే మంచిది.

ఇబ్బంది ఉత్తరానికి వెళ్ళినప్పుడు మొదలవుతుంది. సెలవులకి డులూత్ వైపో, గ్రాండ్ రాపిడ్స్ వైపో, ఈలీ వైపో క్యాబిన్ తీసుకుంటాం. వెనకాల తలుపు తీయగానే అడవిలోకి వెడల్పాటి మంచు దారి కనిపిస్తుంది. స్కీలు కట్టుకుని బయల్దేరిన పది నిమిషాలకి దూరంగా ఇంజన్ మోత వినిపిస్తుంది. అప్పుడేం చేయాలో ముందే తెలిసి ఉండాలి. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

ఒక్క విషయం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. బండి మోత మీకు వినిపిస్తుంది, మీ అలికిడి వాళ్ళకి వినిపించదు. తలకి హెల్మెట్, ఒళ్ళో ఇంజన్, ఎదురుగా గాలి. మీరు గొంతు చించుకుని అరిచినా వాళ్ళ చెవిన పడదు. అందుకని చట్టం ఎవరికి ఏం చెప్పినా, ముందుగా తప్పుకునే పని వినపడేవాళ్ళదే. ఆ రోజు మంచు ఎలా ఉందన్నదాన్ని బట్టే మీకు ఎంత ముందుగా వినపడుతుంది, ఎంత త్వరగా ఆగగలరు, పక్కకి ఎంత దూరం జరగగలరు అన్నవన్నీ ఉంటాయి. మంచు సంగతి, బండ్ల సంగతి విడివిడిగా చూస్తే లాభం లేదు.

దారి ఎవరిదో తెలుసుకోండి

మిన్నెసోటాలో స్నోమొబైల్ దారులు సుమారు 22,000 మైళ్ళు ఉన్నాయి. వాటిలో చాలా భాగాన్ని ఊరూరా ఉన్న స్నోమొబైల్ క్లబ్బులే చూసుకుంటాయి. డబ్బు బండ్ల రిజిస్ట్రేషన్ రుసుము నుంచి, పెట్రోలు పన్నులో వాటా నుంచి వస్తుంది, ఒళ్ళు వంచి చేసే పని మాత్రం క్లబ్బు సభ్యులది. ఆ దారులు ఎక్కువగా రైతుల పొలాల మీదుగా, సొంత అడవుల మీదుగా పోతాయి. స్థలం యజమాని చలికాలంలో స్నోమొబైళ్ళు పోవడానికి ఒప్పుకున్నాడంటే స్కీయర్లకీ ఒప్పుకున్నట్టు కాదు. ఒకరిద్దరు పద్ధతి తప్పితే యజమాని మొత్తం దారినే మూసేయగలడు. దారి మ్యాపులో కనిపించింది కదా అని దిగిపోకండి. అది ప్రభుత్వ స్థలంలోదా, స్కీయింగ్‌కి అనుమతి ఉందా అన్నది రాష్ట్ర సహజ వనరుల శాఖ మ్యాపులో చూడండి, లేదా క్యాబిన్ యజమానిని అడగండి. మామూలుగా నారింజ రంగు డైమండ్ గుర్తు ఉంటే స్నోమొబైల్ దారి, నీలం రంగు డైమండ్ ఉంటే స్కీ దారి.

స్టేట్ ట్రెయిళ్ళలో కొన్ని అందరివీ. డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా పోయే నార్త్ షోర్ ట్రెయిల్, గ్రాండ్ రాపిడ్స్ నుంచి ఈలీకి పోయే 165 మైళ్ళ టాకొనైట్ ట్రెయిల్ అలాంటివే. చలికాలంలో వాటి మీద స్నోమొబైళ్ళదే సందడి. అక్కడ మనం అతిథులం అనుకుని మసలుకుంటే మంచిది. 1950ల్లో పొలారిస్ వాళ్ళు తమ మొదటి స్నోమొబైళ్ళు చేసింది ఈ రాష్ట్రంలోనే, రోజో అనే చిన్న ఊళ్ళో. ఉత్తరాది ఊళ్ళలో చలికాలపు వ్యాపారం చాలావరకు ఈ బండ్ల మీదే నడుస్తుంది.

మోత అసలు వద్దనుకుంటే ఈలీ దగ్గర బౌండరీ వాటర్స్ అడవి ఉంది, అక్కడ దాదాపు అంతటా మోటారు బండ్లు నిషేధం. పాసు సంగతి కూడా మరిచిపోవద్దు. రాష్ట్రం నడిపే స్కీ దారుల్లో 16 ఏళ్ళు, అంతకు పైబడిన వాళ్ళందరికీ స్కీ పాసు కావాలి. ఎల్మ్ క్రీక్ లాంటి పార్కులు త్రీ రివర్స్ అనే పార్కుల సంస్థవి, వాటి పాసు వేరు.

ముందు రోజే మంచు సంగతి చూడండి

ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు. ఎప్పుడు మంచు పడింది, ఆ తర్వాత కరిగి మళ్ళీ గడ్డకట్టిందా, దారిని చివరిగా ఎప్పుడు గ్రూమింగ్ చేశారు (యంత్రంతో చదును చేశారు) అన్నవి మూడూ చూడాలి.

గ్రూమింగ్ యంత్రం వెనకాల లాక్కెళ్ళే పలక మంచుని కోసి, కలిపి, నొక్కి, దువ్వెనతో దువ్వినట్టు గీతలు పెట్టి వదులుతుంది. ఆ తర్వాత మంచు గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే స్నోమొబైల్ క్లబ్బులు గ్రూమింగ్ ఎక్కువగా రాత్రిళ్ళు చేస్తాయి. చలి ఎక్కువ, బండ్లు తక్కువ. అలా రాత్రి దువ్విన దారి మీద పొద్దున్నే వెళ్తే వెడల్పుగా, నున్నగా, గట్టిగా ఉంటుంది, స్కేటింగ్ పద్ధతిలో, అంటే స్కీలని ఏటవాలుగా పక్కలకి తోస్తూ పోయేవాళ్ళకి పండగే. శనివారం మధ్యాహ్నానికి అదే దారి గుంతలూ గుట్టలూ అయిపోతుంది. బండ్లు బ్రేకు వేసే చోట, మళ్ళీ వేగం అందుకునే చోట, అంటే మలుపుల దగ్గర, స్టాప్ గుర్తుల దగ్గర ఈ ఎత్తుపల్లాలు ఎక్కువ. వాటి మీద సన్నటి స్కీలతో పోవడం నడుముకి శిక్ష. కనుక వీలైతే మామూలు రోజుల్లో వెళ్ళండి, లేదా శని ఆదివారాల్లో తెల్లవారగానే వెళ్ళి పదింటికల్లా తిరిగొచ్చేయండి.

దారి దగ్గరికి వెళ్ళాక చేతిలోకి గుప్పెడు మంచు తీసుకుని గట్టిగా పిండి చూడండి. గ్లవ్ తెరవగానే పిండిలా రాలిపోతే అది పొడి మంచు. ముద్ద కడితే తేమ ఉన్న మంచు. నీళ్ళు కారితే తడి మంచు. క్లాసిక్ స్కీలకి (నడిచినట్టు ముందుకీ వెనక్కీ వేస్తూ పోయే రకం) పట్టు కోసం మైనం రాసేవాళ్ళు దీన్ని బట్టే రంగు ఎంచుకుంటారు. గట్టి చలికి ఆకుపచ్చ, మామూలు చలికి నీలం, సున్నా సెల్సియస్ దగ్గర ఊదా, అది దాటితే ఎరుపు. పొలుసుల అడుగు ఉన్న స్కీలైతే ఈ బాధ లేదు. కొత్తవాళ్ళు వాటితోనే మొదలుపెట్టండి.

మైనం ఎంచుకోవడమే కాదు, ఆ గుప్పెడు మంచు బండ్ల గురించి కూడా చెబుతుంది.

పొడి మంచు, అదీ కొత్తగా పడిందైతే, శబ్దాన్ని పీల్చేస్తుంది. అడవి అంతా నిశ్శబ్దంగా ఉంటుంది, బండి బాగా దగ్గరికి వచ్చేదాకా వినపడదు. పైగా కొత్త మంచు పడిన మర్నాడే బండ్లు ఎక్కువగా బయటికొస్తాయి. ప్రతి బండీ వెనకాల తెల్లటి దుమ్ము లేపుతుంది, దాంతో రెండో బండి నడిపేవాడికి ముందున్నది కనపడదు.

కరిగి మళ్ళీ గడ్డకట్టిన దారి మీద మోత దూరం నుంచే వినిపిస్తుంది. కానీ అక్కడ మీ స్కీలు ఆగవు. ఇంకొకటి కూడా ఉంది, స్నోమొబైల్ నడపని వాళ్ళకి ఇది తోచదు. బండి కింద పట్టా రాసుకునే ప్లాస్టిక్ పట్టీలు చల్లబడాలన్నా, ఇంజన్ వేడి తగ్గాలన్నా పట్టా ఎగజిమ్మే వదులు మంచే ఆధారం. దారి గాజుపలకలా గట్టిగా ఉన్న రోజు ఆ వదులు మంచు దొరకదు. అప్పుడు బండి నడిపేవాళ్ళు దారి అంచున మిగిలిన మెత్తటి మంచులోకి వెళ్తుంటారు. మీరు ‘అంచున ఉన్నాను కదా, ఫరవాలేదు’ అనుకునే చోటికే బండి వస్తుందన్నమాట. గట్టి దారి రోజున అంచు చాలదు, అంచు దాటి అవతల నిలబడాలి.

మార్చిలో అయితే ఒక్క రోజులోనే అన్నీ మారిపోతాయి. పొద్దున్న గాజులా ఉంటుంది, పదీ పదకొండు మధ్య పైపొర మెత్తబడి హాయిగా ఉంటుంది, రెండు గంటలకి బురద మంచు. ఆ మధ్య గంటనే పట్టుకోండి.

బయల్దేరే ముందు

అడవిలో నలుపు, బూడిద రంగు బట్టలు చెట్ల మొదళ్ళలో కలిసిపోతాయి. తెల్లవి మంచులో కలిసిపోతాయి. నారింజ లేదా చిలకపచ్చ రంగు చొక్కా పైన వేసుకోండి, పిల్లలకి తప్పకుండా వేయండి. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి తలకి కట్టుకునే లైటు, వెనక్కి మెరిసే ఎర్ర లైటు సంచీలో ఉండాలి. ఇయర్‌ఫోన్లు మాత్రం కార్లోనే వదిలేయండి. ఈ దారుల్లో మీకున్న రక్షణ మీ చెవులే. టోపీ కూడా చెవుల మీద పలచగా ఉండేది చూసుకోండి.

గాలి లెక్క చూసుకోండి. సున్నా ఫారెన్‌హీట్‌లో గంటకి 15 మైళ్ళ గాలి వీస్తే ఒంటికి మైనస్ 19లా తగులుతుంది, అరగంటలో బయట ఉన్న చర్మం గడ్డకట్టి దెబ్బతినవచ్చు. ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉంచండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. కుక్కని స్నోమొబైల్ దారికి తీసుకెళ్ళకండి.

దారిలో

కుడి వైపున, ఒకరి వెనక ఒకరు. మనకి ఎడమ పక్కన నడిచే అలవాటు ఒంట్లో ఉండిపోయి ఉంటుంది, హఠాత్తుగా మోత వినగానే కాళ్ళు ఎడమకే పోతాయి. ఇక్కడ బండ్లన్నీ కుడి వైపునే నడుస్తాయి. కంగారులో ఎడమకి తిరిగితే ఎదురు బండి దారిలోకి వెళ్ళినట్టే. నలుగురు కలిసి వెళ్ళినప్పుడు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోవాలనిపిస్తుంది, ఆ సరదా ఆగి టీ తాగేటప్పుడు తీర్చుకోండి.

మీ స్కీలే చాలా చప్పుడు చేస్తాయి. అందుకే అయిదు నిమిషాలకోసారి, ప్రతి మలుపు ముందు, ప్రతి దిగుడు ముందు పూర్తిగా ఆగి, ఊపిరి బిగబట్టి వినండి. కొత్త రకం ఫోర్ స్ట్రోక్ ఇంజన్ల మోత తక్కువ, అదీ గుర్తుంచుకోండి. గుట్ట అవతల, మలుపు నడుమ ఎప్పుడూ ఆగకండి. ఫొటో తీసుకోవాలన్నా, షూ బిగించుకోవాలన్నా అటూ ఇటూ బాగా కనిపించే తిన్నని చోట, దారి దిగి చేసుకోండి.

బండి వచ్చినప్పుడు

మిన్నెసోటాలో ప్రభుత్వ స్థలాల్లో స్నోమొబైల్ వేగ పరిమితి గంటకి 50 మైళ్ళు. అంటే సెకనుకి దాదాపు 73 అడుగులు. నడిపేవాడు మిమ్మల్ని చూసి బ్రేకు మీద చెయ్యి వేసేలోపే వంద అడుగులు దాటిపోతాయి. నడిపేది అనుభవం ఉన్న పెద్దవాళ్ళే కానక్కర్లేదు, శిక్షణ సర్టిఫికెట్ ఉంటే 12 ఏళ్ళ పిల్లలూ నడపవచ్చు. కనుక బండి కనిపించేదాకా ఆగొద్దు. మోత వినగానే కదలండి.

కుడి వైపుకి తప్పుకోండి. స్కీలు విప్పకండి. దారి పక్కన మంచు నడుం లోతు ఉండవచ్చు, స్కీలు విప్పితే తొడల దాకా కూరుకుపోతారు. స్కీలని దారికి సమాంతరంగా పెట్టి, ఒక కాలు ఎత్తి పక్కకి వేసి, రెండోది దాని పక్కకి చేరుస్తూ అడ్డంగా అడుగులు వేయండి. కనీసం ఏడెనిమిది అడుగులు, దారి గట్టిగా ఉన్న రోజున ఇంకా దూరం. పక్కన వాలు ఉంటే స్కీల ముక్కులు కిందికి చూడకుండా, వాలుకి అడ్డంగా ఉంచుకోండి. లేకపోతే నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే దారిలోకి జారిపోతారు. పోల్స్ (చేతికర్రలు) కూడా మీ వైపుకే లాక్కోండి. పిల్లలుంటే వాళ్ళని మీకు అవతల, అడవి వైపు నిలబెట్టండి.

బండి వచ్చే వైపుకి ముఖం తిప్పి నిలబడి, చెయ్యి పైకెత్తండి. చాలామంది వేగం తగ్గిస్తారు, చెయ్యి ఊపుతారు. నడిపేవాళ్ళ చేతిని చూడండి. వేళ్ళు చూపిస్తే వెనకాల ఇంకా అన్ని బండ్లు వస్తున్నాయని, పిడికిలి చూపిస్తే ఆ చూపించినవాడే చివరి వాడని అర్థం. హ్యాండిల్ వదలడం ఇష్టం లేక ఈ సైగలు చేయనివాళ్ళూ ఉంటారు, అందుకని సైగ కనపడలేదంటే వెనకాల ఎవరూ లేరని అనుకోవద్దు.

అసలు ప్రమాదం మొదటి బండితో కాదు. అది పోగానే హమ్మయ్య అనుకుని దారెక్కుతాం. అది లేపిన తెల్లదుమ్ము ఇంకా గాల్లోనే ఉంటుంది, మొదటి బండి మోతలో రెండో దాని మోత కలిసిపోయి ఉంటుంది, రెండో బండి నడిపేవాడు మంచు పొగలోంచి వస్తుంటాడు. కాబట్టి పిడికిలి చూసినా సరే, దుమ్ము పూర్తిగా దిగేదాకా, చెవికి ఏ మోతా వినపడకుండా పోయేదాకా అలాగే నిలబడండి. అలా నిలబడే ఆ ఒకటి రెండు నిమిషాలకే ఈ మొత్తం వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువ విలువ.

గ్రూమింగ్ యంత్రం వస్తే ఇంకొంచెం దూరం జరగాలి. అది దాదాపు దారి వెడల్పంతా ఉంటుంది, పక్కకి తప్పుకోలేదు. పసుపు లైటు తిరుగుతూ కనిపిస్తే పూర్తిగా దిగిపోయి, నడిపేవాడికి కనపడేలా నిలబడండి. అది పోయాక అప్పుడే దువ్విన మెత్తటి మంచు మీద వెంటనే నడిచి పాడుచేయకండి, అంచున పొండి.

వంతెనలు, కూడళ్ళు, సరస్సులు

పాత రైలు కట్టల మీద వేసిన దారుల్లో వంతెనలు ఎక్కువ. వంతెన మీద తప్పుకోవడానికి చోటుండదు. అందుకే వంతెన ఎక్కే ముందు ఆగి వినండి, ఏ కాస్త మోత వినపడినా ఇవతలే దిగి ఉండండి. ఎక్కాక మధ్యలో ఆగకండి, నది బాగున్నా సరే.

స్కీ దారి, స్నోమొబైల్ దారి ఒకదాన్నొకటి దాటే చోట దిగుడు ఉందేమో మ్యాపులో చూసుకోండి. దిగుడు మీద వేగంగా వచ్చి కూడలిలో ఆగలేకపోవడం కంటే, పైనే స్కీలు విప్పి నడిచి దిగడం నయం. నడిచేటప్పుడు క్లాసిక్ స్కీల కోసం మంచులో వేసిన గాడుల మీద కాకుండా అంచున నడవండి. గాడిలో పడిన బూటు గుంతలు రాత్రికి గట్టిపడి, మర్నాడు వచ్చేవాళ్ళని పడేస్తాయి.

సరస్సు మీద స్నోమొబైల్ జాడ కనిపించినంత మాత్రాన మంచు గట్టిగా ఉందని నమ్మొద్దు. మనిషి నడవాలన్నా, స్కీ చేయాలన్నా కొత్తగా గడ్డకట్టిన నిగనిగలాడే మంచు కనీసం 4 అంగుళాల మందం ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. స్నోమొబైల్‌కి ఇంకా మందం కావాలి. తెల్లగా, పాలిపోయినట్టు ఉండే మంచుకి బలం సగమే, కనుక రెట్టింపు మందం చూసుకోవాలి. వాగు వచ్చి కలిసే చోట, వంతెనల కింద, రెల్లు దుబ్బుల దగ్గర పలచగా ఉంటుంది. పైన మందంగా మంచు కప్పి ఉంటే దాని బరువుకి కింద నీళ్ళు ఊరి, స్కీల అడుగున పట్టుకుని క్షణాల్లో గడ్డకడతాయి. అప్పుడు గీకడానికి ఒక ప్లాస్టిక్ గీకుడు పలక జేబులో ఉంచుకోండి.

పడిపోతే

దారి మధ్యలో పడితే అక్కడే లేవడానికి తంటాలు పడకండి. వెల్లకిలా తిరిగి, స్కీలు పైకెత్తి, దొర్లి ముందు దారి బయటికి రండి, తీరిగ్గా అక్కడ లేవండి. దెబ్బ తగిలి కదల్లేకపోతే, వెంట ఉన్నవాళ్ళు బండ్లు వచ్చే వైపు చాలా ముందుకి, మలుపు దాటి లేదా గుట్ట మీదికి వెళ్ళి, రెండు స్కీలని మంచులో ఇంటూ గుర్తులా గుచ్చి, చేతులు ఊపుతూ నిలబడాలి. 911కి ఫోను చేసేటప్పుడు దారి పేరు, దగ్గర్లోని కూడలి నంబరు చెప్పండి. ప్రతి కూడలి దాటేటప్పుడు ఆ నంబరు ఫొటో తీసుకుంటూ పోతే అప్పుడు వెతుక్కోనక్కర్లేదు. సిగ్నల్ లేకపోతే వచ్చే మొదటి స్నోమొబైల్‌ని ఆపండి. ఉత్తరాది అడవుల్లో ఆపదలో ఉన్నవాళ్ళని చూసి ఆగకుండా పోయేవాళ్ళు అరుదు, మిమ్మల్ని రోడ్డు దాకా చేర్చగల బండి కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది.

తిరిగొచ్చాక తడి బట్టలు మార్చుకుని, స్కీల అడుగు తుడిచి, ఆ దారిని చూసుకునే క్లబ్బుకో పార్కుకో రెండు ముక్కలు రాసి పంపండి. చెట్టు ఎక్కడ పడి ఉంది, ఏ వంతెన మీద మంచు పోయి చెక్కలు తేలాయి, ఏ నంబరు కూడలి దగ్గర గుర్తు విరిగిపోయింది. ఆ రాత్రి గ్రూమింగ్‌కి బయల్దేరేవాళ్ళకి అది పనికొస్తుంది.